బాస్ చేపకి ప్లాస్టిక్ ఎర: సైజు ఎలా ఎంచుకోవాలి

షాపులో ప్లాస్టిక్ ఎరల గోడ ముందు నిలబడితే ఎవరికైనా అయోమయంగానే ఉంటుంది. ఒకే రకం వార్మ్ (వానపాము ఆకారపు మెత్తటి ఎర) 4 అంగుళాల్లో ఉంటుంది, 5లో ఉంటుంది, 7లో ఉంటుంది, 10 దాటి కూడా ఉంటుంది. మా తమ్ముడు డాలస్ దగ్గరి ఫ్రిస్కోకి మారిన కొత్తలో అలాంటి గోడని ఫోటో తీసి పంపి, "అక్కా, వీటిలో ఏది తీసుకోను?" అని అడిగాడు. "ముందు ఎక్కడికి వెళ్తున్నావో చెప్పు" అన్నాను. ఇళ్ళ మధ్యలో ఉండే కమ్యూనిటీ పాండ్‌కా, రే రాబర్ట్స్ లేక్‌కా, లేకపోతే మా వైపు వచ్చి లేక్ ఫోర్క్‌కా? మూడు చోట్లా ఉండేది అదే లార్జ్‌మౌత్ బాస్. అయినా మూడింటికీ ఒకే ప్యాకెట్ సరిపోదు.

నేను తూర్పు టెక్సస్‌లోని టైలర్‌లో ఫార్మసిస్ట్‌ని. షిఫ్టు లేని రోజుల్లో పొద్దుటి పూట ఎక్కువగా నీళ్ళ మీదే ఉంటాను. ప్లాస్టిక్ వార్మ్‌కీ మా ఊరికీ పాత సంబంధమే ఉంది. 1949లో ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయనా, ఆయన భార్యా ఇంట్లో పొయ్యి మీద ప్లాస్టిక్ కరిగించి, వానపాము అచ్చులో పోసి మెత్తటి వార్మ్ తయారుచేశారు. తర్వాత వాళ్ళ కంపెనీ టైలర్‌కి వచ్చి స్థిరపడింది. ఇక్కడి చెరువుల నిండా ముంపులో మునిగిపోయిన చెట్లుంటాయి. గాలం మొన బయటికి ఉంటే ప్రతి కొమ్మకీ తగులుకుంటుంది. మొనని వార్మ్ ఒంట్లోనే దాచేసే టెక్సస్ రిగ్ ఇలాంటి నీళ్ళకి సరిగ్గా సరిపోయే పద్ధతి.

సైజు విషయంలో నేను గట్టిగా నమ్మేది ఇది: ప్యాకెట్ మీది అంకె చూసి కొనకూడదు. ఆ అంకె పొడవు మాత్రమే చెబుతుంది. ఎర లావు ఎంత, అది నీళ్ళలో ఎంత వేగంగా దిగుతుంది అన్నవి చేపకి ఎక్కువ ముఖ్యం.

ముందు లావు సంగతి. బాస్ తన ఆహారాన్ని నమలదు. నోరు ఒక్కసారిగా తెరిచి, నీళ్ళతో పాటు ఎరని లోపలికి పీల్చేసుకుంటుంది. పెదవి లోపలి వైపు వేలితో రాస్తే ఉప్పుకాగితంలా గరుగ్గా తగులుతుంది. ఆ సన్న పళ్ళు జారిపోకుండా పట్టుకోవడానికే, కొరకడానికి కాదు. కాబట్టి అది ఎంత పెద్ద ప్రాణిని మింగగలదన్నది నోరు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. పొడవు పెద్ద అడ్డు కాదు. 7 అంగుళాల సన్నటి వార్మ్ నోట్లోకి వెళ్ళేటప్పుడు మడతపడి పోతుంది. అదే 4 అంగుళాల బ్లూగిల్ అనే చిన్న చేప అయితే, ఎత్తైన ఒళ్ళు, పైన ముళ్ళ రెక్క, మింగడం కష్టం. అందుకే 12 అంగుళాల పిల్ల బాస్ కూడా 7 అంగుళాల వార్మ్‌ని హాయిగా అందుకుంటుంది. చిన్న చెరువు కదా, చిన్న చేపలే కదా అని పొడుగు వార్మ్‌కి భయపడనక్కరలేదు. చూసుకోవాల్సింది వింత ప్రాణుల ఆకారంలో ఉండే లావుపాటి క్రియేచర్ బైట్లని, వెడల్పు రెక్కలున్నవాటిని. 4 అంగుళాల క్రియేచర్ ఒకటి, 6 అంగుళాల సన్నటి ఫినెస్ వార్మ్ ఒకటి అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చూడండి. చేపకి ఏది పెద్ద ముద్దో వెంటనే తెలిసిపోతుంది.

ఇక బరువు. ఒకే ఆకారాన్ని 5 అంగుళాల నుంచి 4కి తగ్గిస్తే పొడవు ఐదో వంతే తగ్గినట్టు. కానీ లావు కూడా అదే పాళ్ళలో తగ్గితే బరువు దాదాపు సగానికి పడిపోతుంది. 5ని మూడుసార్లు హెచ్చిస్తే 125, 4ని మూడుసార్లు హెచ్చిస్తే 64. ఈ లెక్క సెంకో అనే బ్రాండ్‌లాంటి, ఉప్పు కలిపిన పుల్ల ఆకారపు స్టిక్ వార్మ్‌ల దగ్గర బాగా తెలుస్తుంది. వాటికి సీసం అక్కర్లేదు, సొంత బరువుతోనే రెండు కొసలూ వణుక్కుంటూ దిగుతాయి. 5 అంగుళాలది బరువైన ఎరలకి వాడే బైట్‌కాస్టర్ రీల్‌తో కూడా విసరొచ్చు. 4 అంగుళాలది విసరాలంటే తేలిక ఎరలకి వాడే స్పిన్నింగ్ రీలే సుఖం. గాలి వీస్తుంటే అది దూరం పోదు, లైన్‌ని గాలి పక్కకి లాగేస్తుంటే అది ఎక్కడ దిగుతోందో కూడా తెలియదు. మరోపక్క, ఆ నిదానమే ఒక్కోరోజు చేపకి నచ్చుతుంది.

గట్టు పక్కన నీళ్ళు తేటగా ఉన్న చోట రెండు సైజులూ కాళ్ళ దగ్గర వదిలి చూడండి. ఏది ఎంతసేపటికి అడుగుకి చేరుతోంది, దిగేటప్పుడు కొసలు కదులుతున్నాయా, తోక ఆడుతోందా లేదా, అన్నీ కనిపిస్తాయి. కొత్త ప్యాకెట్ విప్పిన ప్రతిసారీ నేను చేసే మొదటి పని ఇదే.

నీళ్ళలో వాటి భోజనం ఏమిటి?

ఉత్తర, తూర్పు టెక్సస్ రిజర్వాయర్లలో బాస్‌కి ముఖ్యమైన తిండి షాడ్ అనే వెండి రంగు చేప, బ్లూగిల్, క్రాఫిష్. క్రాఫిష్ అంటే మంచినీటి రొయ్యకి చుట్టం, ముందు పీతకి ఉన్నట్టు రెండు డెక్కలుంటాయి. షాడ్‌లో రెండు రకాలు. థ్రెడ్‌ఫిన్ షాడ్ చిన్నది, 5, 6 అంగుళాలు దాటడం అరుదు. గిజర్డ్ షాడ్ త్వరగా పెరిగి అడుగు దాకా వెళ్తుంది. అంత అయిందంటే మామూలు బాస్‌కి అందదు, పెద్ద బాస్‌కే అది భోజనం. కమ్యూనిటీ పాండ్లలో చాలావాటిలో షాడ్ ఉండదు, బ్లూగిల్ పిల్లలూ, పురుగులూ, కప్పలే ఆధారం.

ఏం తింటున్నాయో ఊహించనక్కరలేదు, చేపే చెబుతుంది. బాస్ దొరకగానే గాలం తీసేటప్పుడు ఒక్క క్షణం గొంతులోకి చూడండి. కింది పెదవి బొటనవేలితో పట్టుకుని వెలుతురు వైపు తిప్పితే చాలు. ఒక మార్చిలో లేక్ ఫోర్క్ మీద నాకు దొరికిన చేప గొంతులోంచి రెండు సన్నటి మీసాలు బయటికి కనిపించాయి. వాటి వెనకే ఎర్రమట్టి రంగు డెక్క ఒకటి, నా బొటనవేలి గోరంత. డెక్క అంతుందంటే మొత్తం క్రాఫిష్ 3 అంగుళాలకి మించదు. పడవలో 4 అంగుళాల క్రా ఎరలు, అంటే క్రాఫిష్ ఆకారపువి, ఉన్నాయి. వాటి తల వైపు అర అంగుళం పైన కత్తిరించి గుచ్చాను, ఆ పొద్దున్నంతా అవే వేశాను. గొంతులో షాడ్ తోక కనిపించినా, పడవలోకి వచ్చిన చేప షాడ్‌ని కక్కినా అంతే. ఆ సైజే ఆ రోజు మీ సైజు. ఇది చూశాక చేపని ఎక్కువసేపు బయట ఉంచకండి.

నెలలు మారుతుంటే

ఇవి మా వైపు లెక్కలు. ఉత్తరాన ఉన్నవాళ్ళకి వసంతం కొన్ని వారాలు ఆలస్యంగా, చలి కొన్ని వారాలు ముందుగా వస్తుంది, దాన్ని బట్టి జరుపుకోండి.

ఫిబ్రవరి చివర నుంచి నీళ్ళు 55, 60 డిగ్రీల ఫారన్‌హీట్‌కి చేరుతుంటే బాస్ గుడ్లు పెట్టడానికి తక్కువ లోతుకి వస్తుంది. అప్పుడు ఆకలి ఎక్కువ, క్రాఫిష్ మీద మోజు ఎక్కువ. 4 అంగుళాల క్రా, 6 అంగుళాల లిజర్డ్ (బల్లి ఆకారపు ఎర), కొంచెం బొద్దుగా ఉన్న క్రియేచర్ బైట్లు ఈ కాలానికి సరైనవి. 60 దాటాక మగ చేప గూడు కట్టి కాపలా కాస్తుంది. దగ్గరికి వచ్చినదాన్ని ఆకలితో కాకపోయినా తరిమెయ్యడానికి నోట కరుస్తుంది. గూటి మీది చేప దొరికితే పట్టిన చోటే వెంటనే వదిలెయ్యండి. అది లేని కొద్ది నిమిషాల్లోనే బ్లూగిల్ గుంపు వచ్చి గుడ్లు తినేస్తుంది. ఫోటోల కోసం పడవలో తిప్పడం నాకు అస్సలు ఇష్టం ఉండదు.

మే నెలలో గుడ్ల పని అయిపోయిన చేపలు నీరసంగా ఉంటాయి, తొందరపడి దేనికీ పరిగెత్తవు. సీసం లేకుండా నిదానంగా దిగే 5 అంగుళాల స్టిక్ వార్మ్, వాకీ రిగ్ అంటే నడుముకి అడ్డంగా హుక్ గుచ్చి వేసేది, వీటికి తిరుగులేదు. అదే కాలంలో షాడ్ కూడా గట్ల వెంబడి గుడ్లు పెడుతుంది. తెల్లవారుతూనే నీటి అంచున వెండిలా మెరుస్తూ షాడ్ గెంతుతుంటే చిన్న చేపలా ఉండే 5 అంగుళాల ఫ్లూక్ రకం ఎర తీయండి.

జూన్, జూలై రెండూ విచిత్రమైన నెలలు. తక్కువ లోతులో ఎక్కడ చూసినా ఆ ఏడాది పుట్టిన పిల్ల షాడ్ ఒకటి రెండు అంగుళాలది. బాస్ వాటి మీద పడుతున్నప్పుడు పెద్ద ఎర ముఖాన వేసినా చూడదు. అదే సమయంలో 15 నుంచి 25 అడుగుల లోతులో, నీటి అడుగున గుట్టల మీద, పాత వాగు గట్ల మీద పెద్ద చేపలు గుంపుగా ఉంటాయి. అక్కడ మా తూర్పు టెక్సస్ సంప్రదాయం 10 అంగుళాల వార్మ్. తోక పొడుగ్గా చుట్ట తిరిగి ఉంటుంది, మూడు ఎనిమిదో వంతుల ఔన్స్ సీసంతో అడుగున ఈడ్చుకుంటూ వస్తుంటే ఆ తోక కొట్టుకోవడం రాడ్ దాకా తెలుస్తుంది. వేసవిలో నీళ్ళు వేడెక్కి చేప ఒంట్లో అరుగుదల ఎక్కువగా ఉంటుంది, లోతులో వెలుతురు తక్కువ. పెద్ద ఎర ఉనికి దూరం నుంచే తెలిసేది అక్కడే. ఒకే రోజు, ఒకే చెరువు, ఒడ్డున 3 అంగుళాలు, లోతులో 10 అంగుళాలు. కాలాన్ని బట్టి సైజు అని చెప్పే పట్టికల్ని నేను నమ్మకపోవడానికి కారణం ఇదే. లోతు కూడా చూడాలి.

అక్టోబర్‌కి పిల్ల షాడ్ 3 అంగుళాల దగ్గరికి పెరిగి వాగులు చెరువులో కలిసే చోట్లకి చేరుతుంది, వెనకాలే బాస్. ఇది పూర్తిగా స్విమ్‌బైట్ కాలం, అంటే ఈదే చేపలా తోక ఆడించే ఎరలది. కైటెక్ అనే కంపెనీ వాళ్ళ ఫ్యాట్ రకం 2.8, 3.3, 3.8 అంగుళాలు అని దగ్గర దగ్గర సైజుల్లో దొరకడం ఇక్కడ బాగా పనికొస్తుంది. 2.8తో మొదలుపెట్టి, చేపలు వెంటపడి వెనక్కి తిరిగిపోతుంటే ఒక మెట్టు పైకో కిందికో వెళ్ళండి.

చలికాలంలో చిన్నవి, నిదానంగా కదిలేవి. నీళ్ళు చల్లబడితే బాస్‌కి ఆకలి తక్కువ, కదలిక తక్కువ. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. టెక్సస్ రాష్ట్ర రికార్డు లార్జ్‌మౌత్ 18.18 పౌండ్లది, 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లోనే దొరికింది. పట్టినాయన ఆ రోజు వచ్చింది బాస్ కోసం కాదు, క్రాపీ అనే చిన్న చేపల కోసం, ఎర కూడా దానికి తగ్గ చిన్న మినో చేప. ప్లాస్టిక్ కాకపోయినా, పెద్ద చేప కావాలంటే పెద్ద ఎరే వెయ్యాలనే మాటకి ఇది సరైన జవాబు. జనవరి చన్నీళ్ళలో అంత చేప కూడా చిన్న ముద్ద అందుకుంది.

నీళ్ళ రంగు, చెత్త

తేట నీళ్ళలో చేప ఎరని తీరిగ్గా చూస్తుంది, కాబట్టి సన్నగా, సహజంగా ఉండాలి. వానల తర్వాత మట్టి నీళ్ళలో కంటికన్నా ఒంటి పక్కనుండే గీతతో తెలుసుకోవడం ఎక్కువ, అంటే నీటి కదలికతో. అప్పుడు లావు ఎర, డెక్కలు కొట్టుకునే ఎర, ముదురు రంగు. ఎర లావుగా ఉంటే చేపకి ఆనవాలు దొరుకుతుంది. రంగుల గురించి ఇంతకు మించి చెప్పను. తేటలో గ్రీన్ పంప్‌కిన్, మట్టిలో బ్లాక్ అండ్ బ్లూ ఉంటే మొదట్లో చాలు.

దట్టమైన నాచు, తామరాకుల్లాంటివి ఉన్నచోట మాత్రం ఒక తేడా. కాళ్ళూ రెక్కలూ ఎక్కువ ఉన్న పొడుగు ఎర కలుపు మీదే ఆగిపోతుంది. అక్కడ 4 అంగుళాలు మించని, గట్టిగా పొట్టిగా ఉన్న ఎర, దాని ముందు ఎరని కిందికి దింపే బరువైన టంగ్‌స్టన్ సింకర్, ముప్పావు నుంచి ఒక ఔన్స్ దాకా, జారకుండా రబ్బరు పెగ్ పెట్టి. కలుపు చీల్చుకుని కిందికి పడితే చాలు, నీడలో ఉన్న చేప ఆలోచించదు.

గాలం సరిపోకపోతే సైజు సరిగ్గా ఎంచినా వృథా

కొత్తవాళ్ళని తికమక పెట్టేది గాలాల నంబర్లు. 6, 4, 2, 1 అని అంకె తగ్గేకొద్దీ గాలం పెద్దదవుతుంది. 1 దాటాక 1/0, 2/0, 3/0 అని అంకె పెరిగేకొద్దీ పెద్దదవుతుంది. 4 నంబర్ గాలానికీ 4/0కీ చాలా తేడా. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఆ సున్నా ఉందో లేదో చూసుకోండి.

టెక్సస్ రిగ్‌కి ఆఫ్‌సెట్ గాలం కావాలి, తల దగ్గర మెట్టు వంపు ఉండేది. 4 అంగుళాల స్టిక్ వార్మ్‌కి 2/0 లేదా 3/0, 5 అంగుళాలకి 3/0 లేదా 4/0, 6, 7 అంగుళాల సన్న వార్మ్‌కి 3/0, 10 అంగుళాలకి 5/0. 4 అంగుళాల బొద్దు క్రాకి మాత్రం 4/0 పెట్టాలి, ఎందుకంటే ఇక్కడ చూడాల్సింది ఎర పొడవు కాదు, గాలం కొక్కెంలో ఉన్న ఖాళీ. చేప నొక్కినప్పుడు ప్లాస్టిక్ అంతా కిందికి కుదించుకుపోవాలి, మొన పైకి రావాలి. ఆ ప్లాస్టిక్‌కి చోటు లేకపోతే మీరు ఎంత గట్టిగా రాడ్ లాగినా మొన దవడకి తగలదు. ఎర లావుకి కనీసం రెండింతలు ఖాళీ ఉండేలా చూసుకోండి.

గుచ్చే పద్ధతి: వార్మ్ తలలోకి మొన పావు అంగుళం పోనిచ్చి పక్కనుంచి బయటికి తీయండి. గాలాన్ని అలాగే లాగుతూ మెట్టు వంపు తలలో దాక్కునేదాకా తెచ్చి, సగం తిప్పండి. ఇప్పుడే గుచ్చేయకండి. గాలాన్ని వార్మ్ పక్కన వేలాడనిచ్చి, వంపు ఎక్కడికి వస్తోందో గోరుతో గుర్తు పెట్టండి. సరిగ్గా అక్కడే, వార్మ్‌ని కొద్దిగా ముందుకి వంచి మొన గుచ్చండి. వదిలాక వార్మ్ సూటిగా ఉండాలి. కొంచెం వంకర ఉన్నా నీళ్ళలో గిరగిరా తిరిగి లైన్‌ని మెలిపెడుతుంది, చేప దూరం నుంచే అనుమానిస్తుంది. చివరగా మొన పైకి వచ్చి ఉంటే, దాని కొసని ప్లాస్టిక్ పైపొరలో లీలగా దాచండి.

వాకీకి 1/0 గాలం, నడుముకి చిన్న రబ్బరు రింగ్ తొడిగి ఆ రింగ్‌కి గుచ్చితే వార్మ్ తొందరగా చిరగదు. 2.75 అంగుళాల నెడ్ రిగ్‌కి, అంటే చిన్న పొట్టి వార్మ్‌కి, పుట్టగొడుగు ఆకారపు జిగ్ హెడ్ (తల దగ్గర బరువున్న గాలం), ఔన్స్‌లో ఆరో వంతు లేదా పదో వంతు. అంత చిన్నదానికి సన్న లైన్, 6 నుంచి 8 పౌండ్ల బలం ఉన్న ఫ్లోరోకార్బన్, స్పిన్నింగ్ రీల్. 10 అంగుళాల వార్మ్‌కి 15 పౌండ్లు, ముంపు చెట్లలో అయితే 20.

చేప కొట్టిన తీరు

ఊళ్ళో కాలవ గట్టు మీద బెండు కట్టి గాలం వేసిన అలవాటు ఉన్నవాళ్ళు బెండు మునిగేదాకా ఆగుతారు. ఇక్కడ బెండు ఉండదు, లైనే చూడాలి. ఎర దిగుతుండగా లైన్ హఠాత్తుగా ఆగినా, పక్కకి నడిచినా, ఉన్నట్టుండి వదులైపోయినా బాస్ అందుకున్నట్టే.

టుక్ టుక్ టుక్ అని వరసగా తగిలి, తీసి చూస్తే తోక కొస మాత్రమే తెగి ఉంటే అది బ్లూగిల్ పని. దానికోసం సైజు తగ్గించకండి, తగ్గిస్తే ఇంకా ఎక్కువ బ్లూగిల్ వస్తాయి. చోటు మారండి, లేదా లావు పెంచండి. ఒక్కసారి ఠక్ మని తగిలి, గాలం పడకుండా వార్మ్ గాలం మీద కిందికి జారిపోయి వస్తే బాస్ పట్టుకుంది, పూర్తిగా నోట్లోకి పోలేదు. అప్పుడు తల వైపు అర అంగుళం కత్తిరించి మళ్ళీ గుచ్చండి. నాకు ఇది సైజు మార్చడం కన్నా ఎక్కువసార్లు పనిచేసింది, ఎందుకంటే తోక ఆట మారదు, ముద్ద ఒక్కటే చిన్నదవుతుంది. వరసగా 10, 12 అంగుళాల పిల్లలే వస్తుంటే అదే చోట లావు ఎర వేయండి. పెద్దవి ఉంటే చెబుతాయి.

చలిగాలి వచ్చి వెళ్ళిన మర్నాడు ఆకాశం నీలంగా, గాలి లేకుండా ఉంటే చాలామందికి టెన్షన్. నిన్న కొట్టిన చేప ఈరోజు నోరు తెరవదు. ఆ రోజు 2.75 అంగుళాల నెడ్ రిగ్ మాత్రమే వేస్తాను. దాన్ని అడుగున పెట్టి, ఏమీ చేయకుండా ఉండాలి, అంతే.

అసలు ఏదీ తగలకపోతే? ముందు చోటు మార్చండి, తర్వాత లోతు, తర్వాత దిగే వేగం. సైజు వాటి తర్వాతే. రంగు అన్నిటికన్నా చివర. లేని చేపకి ఏ సైజు వేసినా ఒకటే.

తమ్ముడికి రాసిచ్చిన జాబితా

5 అంగుళాల స్టిక్ వార్మ్, గ్రీన్ పంప్‌కిన్. ఒకటే కొనగలిగితే ఇదే. సీసం లేకుండా, సీసంతో, వాకీగా, మూడు రకాలుగా వాడొచ్చు. తల చిరిగిపోయినదాన్ని పారేయకుండా మిగిలిన సగాన్ని నెడ్ హెడ్‌కి గుచ్చండి. మధ్య అమెరికాలో నెడ్ రిగ్ వాడేవాళ్ళు వార్మ్‌లని ఇలాగే సగానికి కోసి వేసేవాళ్ళు. అంటే ఒక్క ప్యాకెట్‌తోనే రెండు సైజులు. కమ్యూనిటీ పాండ్‌కి ఇంతకన్నా అక్కర్లేదు.

రే రాబర్ట్స్‌కి వెళ్తే దీనికి తోడు 4 అంగుళాల క్రా, 3.3 స్విమ్‌బైట్. ఐల్ డు బోయ్ వైపు స్టేట్ పార్క్ గట్టు మీద నుంచి వేస్తే ఫిషింగ్ లైసెన్స్ కూడా అక్కర్లేదు, పడవ ఎక్కితే మాత్రం 17 ఏళ్ళు నిండిన దాదాపు అందరికీ కావాలి. లేక్ ఫోర్క్‌కి జూన్‌లో వస్తే 10 అంగుళాల వార్మ్ తప్పకుండా, ముంపు చెట్ల కోసం 4/0, 5/0 గాలాలు రెండింతలు. అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ని ఉంచుకోకూడదు. కొలబద్ద పడవలోనే ఉండాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ పేజీ ఒకసారి చూసుకోండి.

దాచుకోవడం గురించి రెండు మాటలు. ఎరలని అవి వచ్చిన కవర్లలోనే ఉంచండి. జెడ్‌మ్యాన్ అనే కంపెనీ వాళ్ళ సాగే రకం ప్లాస్టిక్‌ని మామూలు ప్లాస్టిక్‌తో కలిపి ఒకే డబ్బాలో పెడితే రెండూ కరిగి ముద్దయిపోతాయి. టెక్సస్ ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే వార్మ్‌లు వంకర తిరుగుతాయి. అలాంటివి బాగా వేడి నీళ్ళలో కాసేపు ముంచి, బల్ల మీద సూటిగా పరిచి ఆరనిస్తే మళ్ళీ పనికొస్తాయి. ఇక ఏ పనికీ రానంతగా చిరిగినవాటిని నీళ్ళలో పడెయ్యకండి. చేప మింగితే కడుపులో అరగవు. ఖాళీ కవర్ ఒకటి దగ్గర పెట్టుకుని అందులో వేసుకోండి.